గద్ద కాదు, డేగే

"అది గద్దే," అంది కుసుమ ఆంటీ, తలెత్తి చూడకుండానే.

మహేంద్రకి ఒళ్లు మండింది. చూడకుండానే తీర్పు చెప్పేయడమేమిటి?

పిరోంగియా కొండ కింద, కాలిబాట పక్కన బెంచీ మీద కూర్చుని రామమోహన్ అంకుల్ ఆయాసం తీర్చుకుంటున్నారు. అక్టోబరు ఎండ హాయిగా ఉంది. కోవై చెట్లు పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. ఆయన మాత్రం మఫ్లరూ, గ్లవ్సూ తీయలేదు. ఆరు నెలల్లో మనిషి సగమైపోయారు. ఒంట్లో ఏమిటని అడిగితే "వయసురా" అని మాట మార్చేస్తారు. ఆయన్ని అలా చూస్తుంటే మహేంద్రకి ఏడుపొచ్చేలా ఉంది.

చదువుకోడానికి వచ్చి హామిల్టన్‌లో దిక్కుతోచక తిరిగిన రోజుల్లో అతనికి అన్నం పెట్టింది ఈ దంపతులే. పక్షుల పిచ్చి ఎక్కించింది అంకులే. ఇప్పుడు ఉద్యోగం ఆక్లాండ్‌లో. అయినా నెలకో ఆదివారం హామిల్టన్‌లోనే రోటోటూనాలో ఉన్న వాళ్లింటికి వచ్చి ఆయన్ని ఇలా నడకకి తీసుకెళ్తాడు.

అంకుల్ జేబులో ఒక నోటుబుక్కు ఉంటుంది. ఈ దేశంలో చూడాలని రాసుకున్న పక్షులన్నిటికీ అందులో టిక్కులు పడ్డాయి, ఒక్క డేగకి తప్ప. పన్నెండేళ్లుగా దానికోసం తిరుగుతున్నారు. తను చూస్తే చాలదు, పక్కన ఇంకొకరు ఔనంటేనే టిక్కు. అది ఆయన పెట్టుకున్న నియమం.

ఆ ముచ్చట తన చేతుల మీదుగా తీరాలని మహేంద్ర ఆశ. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు తీరుతుందో అన్న భయం కూడా.

"గద్దయితే రెక్కలు పైకెత్తి తాపీగా తేలుతుందాంటీ. హైవే మీద రోజూ చూస్తాంగా. ఇది చిన్నది. రెక్కలు టపటపా కొట్టుకుంటూ దూసుకుపోయింది."

"గాలికి అలా కనిపించుంటుంది. పదండి, లేటవుతోంది."

"నాకూ డేగలానే అనిపించింది కుసుమా," అన్నారు అంకుల్ మెల్లగా.

"మీ కళ్లకి పావురం కూడా డేగే."

అంటూనే ఆవిడ మహేంద్ర వైపు చూసి కళ్లతో ఏదో సైగ చేసింది. ఇంటికి పోదామని కాబోలు అనుకున్నాడు. ముసలాయన సంతోషం కన్నా ఈవిడకి టైమే ఎక్కువైంది.

"ఫోటో తీశానంకుల్."

"ఏదీ, ఇటివ్వు." ఆంటీ కెమెరా లాక్కున్నంత పని చేసింది. ఆ చిన్న తెర వంక చాలాసేపు చూసింది. "అంతా మసక. ఇది పనికిరాదు."

మహేంద్ర కెమెరా తీసుకుని ఫోటో పెద్దది చేశాడు. మసకా లేదు, ఏమీ లేదు. రొమ్ము మీద చారలు, పొడుగాటి తోక, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. తీసుకెళ్లి అంకుల్ ముందు పెట్టాడు.

ఆయన తెర చూడలేదు. అతని మొహమే చూశారు.

"నా మీద జాలితో చెప్పకురా. నిజంగా ఏదది?"

ఆంటీ అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "మహేంద్రా," అంది. అంతే అంది.

ఒక్క క్షణం తడబడ్డాడు. అంతలోనే కోపం వచ్చింది. కట్టుకున్నవాడికి ఈపాటి ఆనందం దక్కనివ్వదా?

"డేగే అంకుల్. అనుమానమే లేదు."

అంకుల్ గ్లవ్ తీసి, పెన్ను పట్టుకుని టిక్కు పెట్టారు. తేదీ వేశారు. మహేంద్ర తల నిమిరారు.

"హమ్మయ్య. ఇంక చాల్రా," అన్నారు. కళ్లు తడిసి ఉన్నాయి.

తర్వాత ఎవరి సాయం లేకుండా లేచి, కారు వైపు ఒక్కరే నడిచారు. ఆయన్ని అంత తేలిగ్గా చూసి ఎన్నాళ్లయిందో.

ఆంటీ బెంచీ మీద కూలబడింది. మొహానికి చున్నీ అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

మహేంద్ర కంగారుగా పక్కన కూర్చున్నాడు. "ఏంటాంటీ ఇది? అంకుల్ అంత సంతోషంగా ఉంటే..."

"ఆ పక్షి కనబడేదాకే డయాలసిస్‌కి వస్తాననీ, కనబడ్డాక మానేస్తే ఇక బతిమాలకూడదనీ, మా అమ్మాయి మీద నాచేత ఒట్టు వేయించుకున్నారయ్యా."