గింజ లేని రొట్టె

కోస్తే ఏమవుతుంది, కాయే కదా, లోపల పీచు తప్ప ఏముంటుంది అనుకుంటూనే నీలవేణి గుమ్మడికాయకు కాస్త దూరంగా జరిగి కూర్చుంది. మిగతా పనంతా అయిపోయింది. జీడిపప్పు పొడి కొట్టింది. కొబ్బరి తురిమింది. బెల్లం, శొంఠి, లవంగాలు, దాల్చినచెక్క రోట్లో నలిగి వంటిల్లంతా పండగ వాసన వేస్తోంది.

"ఏటొదినా, దాన్నలా సూత్తన్నావు? అదేటైనా మాటాడుతాదా?" అంటూ ఆడపడుచు సుజి గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది.

"మీ అన్నియ్య రావాలి. కొయ్యాలి కదా."

"నువ్వు కోసేయ్. మా ఇంటికొచ్చి, చర్చికొచ్చి ఇన్నేళ్లయింది. ఆ కొండోళ్ల పట్టింపులు ఇంకా పోలేదేటి నీకు?"

"కొడుకున్న తల్లి గుమ్మడికాయ కొయ్యకూడదు. కొడుకుని కోసినట్టేనని మా అమ్మ సెప్పేది."

సుజి నవ్వబోయి ఆగింది. ఆ మాటకి ఆ ఇంట్లో ఇప్పుడెవరూ నవ్వడం లేదు. నీలవేణి కొడుకు ఇమ్మాన్యుయేల్ కిందటి వానాకాలంలో ట్యూషన్‌కని సైకిలెక్కి వెళ్లి తిరిగి రాలేదు. సైకిలు మునగపాక దగ్గర కాలవ గట్టున దొరికింది.

సుజి గొంతు తగ్గించింది. "డాక్టరేటన్నాడో అన్నియ్య సెప్పేడా నీకు? సుగరున్న మనిసి. ఆ కాలి పుండుతో ఇంకోసారి ఊళ్లు తిరిగేడంటే కాలు తీసెయ్యాలంట. ప్రాణానిక్కూడా సెప్పలేమన్నాడంట. ఆపు వదినా. నీ మాటైతే ఇంటాడు."

"నా మాట ఇనే తిరుగుతన్నాడు."

సుజికి అర్థం కాలేదు.

ఆమె అన్న, నీలవేణి మొగుడు సత్యరాజు బేకరీలో మేస్త్రి. ఊరందరికీ బ్రెడ్డు కాల్చే మనిషి. సొంత కొడుక్కి మాత్రం గోధుమలే కాదు, అన్నం గింజ కూడా పడేది కాదు. తిన్న కాసేపటికే కక్కేసి వాలిపోయేవాడు. ధాన్యమన్నది ఏదీ పెట్టొద్దని విశాఖలో డాక్టరు చెప్పాక సత్యరాజే గుమ్మడికాయ, జీడిపప్పు పొడి కలిపి ఈ రొట్టె కనిపెట్టాడు. ఇసుక పోసిన డేగిసాలో, సన్నటి సెగ మీద. వాసనకి ఆగలేక, చిన్నప్పుడు ఓసారి పిల్లాడు మూత తీయబోయి చెయ్యి కాల్చుకున్నాడు. మోచేతి మీద ఆకు ఆకారంలో మచ్చ మిగిలింది.

ఇప్పుడు సత్యరాజు వెతకడానికి వెళ్లిన ప్రతిసారీ ఒక రొట్టె మూట కట్టించుకుంటాడు. బయట హోటళ్లలో వాడు తినగలిగేది ఏముంటుంది? కనిపించగానే పెట్టాలి కదా. ప్రతిసారీ రొట్టె బూజు పట్టి ఇంటికొస్తుంది.

వీధిలో ఈడ్చుకుంటూ వచ్చే అడుగుల చప్పుడు వినిపించింది.

"బిలాయి నుంచి ఫోనొచ్చిందే!" సత్యరాజు గోడ పట్టుకుని లోపలికొచ్చాడు. "ఓటల్లో ప్లేట్లు కడుగుతన్నాడంట, తెలుగు కుర్రోడు. అన్నం ముట్టడంట! గుడ్లు తిని బతుకుతన్నాడంట! ఆడే. ఇంకెవుడుంటాడు?"

"కిందటిసారి తునిలో కూడా ఆడే అన్నావు," అంది సుజి. "అన్నియ్యా, కోప్పడకు. ఆ కొండకర్ల ఆవ నీళ్లల్లో తేలిన పిల్లోడు..."

"నోర్ముయ్! మీ వదిన లోపలికెళ్లి కళ్లారా సూసింది. కాదంది. కన్నతల్లి కంటే నీకెక్కువ తెలుసేటే?"

నీలవేణి ఇద్దరినీ చూడలేదు. ఆ రోజు ఆసుపత్రిలో శవాల గది మెట్ల మీదే ఆయన కూర్చుండిపోయాడు. ఆమె ఒక్కతే లోపలికి వెళ్లింది. నీళ్లలో నాని ముఖం మిగల్లేదు. బల్ల అంచున వేలాడుతున్న చేతిని పైకి సర్ది, మోచేతి మీది మచ్చ కనబడకుండా దుప్పటి లాగి కప్పింది. ఏ తల్లి కన్న బిడ్డో అని వార్డుబాయి అంటే తలూపింది. బయటికొచ్చేసరికి ఆయన మెట్ల మీంచి తలెత్తి చూస్తున్నాడు. ఆ చూపు ముందు ఆమెకు ఒకటే మాట వచ్చింది. మనోడు కాదు. ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చి, ఏడుస్తూనే నవ్వి, ఆమెకు టీ తెచ్చి ఇచ్చాడు.

"నువ్వేటి మాటాడవు?" సత్యరాజు పీట మీద చతికిలబడి కాలు చాపాడు. కట్టు తడిసి ఉంది. లవంగాల వాసన అడుగు నుంచి మరో వాసన పైకి లేచింది. "భయపడకే. ఒకప్పుడు నీ గుమ్మడికాయ పట్టింపుకి నవ్వేవోణ్ణి. ఇప్పుడు పాస్టరు గారి ప్రార్థన కంటే దాన్నే ఎక్కువ నమ్ముతన్నాను. తల్లి కడుపుకి తెలుత్తాది. నువ్వు కత్తి ముట్టలేదంటే ఆడున్నట్టే."

"ఆ కాలుతో ఎళ్లకు," అంది నీలవేణి.

"కాలుదేటుంది? ఆడు దొరికితే నా కాలు ఆడే." ఆయన లేచాడు. "సేతులు కడుక్కొచ్చి కోత్తాను. రొట్టె కాలి సల్లారేసరికి బండి టైమవుతాది."

ఆయన పెరట్లోకి కుంటుతూ వెళ్లాడు. నాపరాళ్ల మీద ఒక్కో అడుగు దగ్గరా పచ్చటి చీము మరక. నీలవేణి వాటిని గుమ్మం దాకా చూసింది. ఇంకో ఊరు, ఇంకో రొట్టె. ఆ తర్వాత ఒకరోజు మరకలు కూడా ఉండవు.

కత్తి అందుకుంది.

"వదినా?" అంది సుజి.

చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చిన సత్యరాజు గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఓలే, ఏటది? ఆగు! నేనొత్తన్నాను కదా, నువ్వు కొయ్యకూడదే!"

నీలవేణి ఆయన కళ్లలోకి చూసింది.

గుమ్మడికాయను కోసింది.