పోర్చుగీసే కావాలి

"పోర్చుగీసా?" కౌంటర్లోని అమ్మాయి ఫారం మీంచి తలెత్తింది. "ఇంకోసారి ఆలోచించుకోండి బాబాయిగారూ. జనం ఫ్రెంచి అంటే పడి చస్తున్నారు. పోనీ జపనీసు తీసుకోండి, అక్షరాలు బొమ్మలేసినట్టు సరదాగా ఉంటాయి."

"పోర్చుగీసే," అన్నాడు దర్జీ. మెళ్ళో కొలతల టేపు కూడా తియ్యకుండా కొట్లోంచి సరాసరి వచ్చేశాడు.

ఆ భాషల బడిలో ఏటా ఇదో తంతు. మీకు ఏ విదేశీ భాష నేర్చుకోవాలనుందని ఊళ్ళో అందరినీ అడుగుతారు. ఎనిమిది మందైనా చేరని క్లాసును నిర్దాక్షిణ్యంగా ఎత్తేస్తారు. ఫ్రెంచికి కుర్చీలు చాలవు, స్పానిషుకు తోపులాట. పోర్చుగీసుకు మాత్రం ఇప్పటికి నలుగురే దొరికారు. గడువు చూస్తే రేపటితో సరి.

"మీతో కలిపి ఐదుగురు. ఈ క్లాసు నడవడం కల్ల," అంది అమ్మాయి. "అయినా ఈ వయసులో ఇదేం మోజండీ? ఆ దేశం గానీ వెళ్తున్నారా?"

"అబ్బే! టీచరుగారు అందరితోనూ మాట్లాడతారా?"

"మాట్లాడక? మొదటి రోజే ఒక్కొక్కరినీ లేపి మాట్లాడిస్తారు. ఎవర్నీ వదలకూడదని మా రూలు."

"పేర్ల లిస్టు ఆవిడకి ముందే ఇస్తారా?"

"క్లాసులోకి వెళ్ళేటప్పుడే ఇస్తాం. ఎందుకూ?"

"ఊరికే."

పాపం, చదువంటే బెరుకు కాబోలనుకుంది అమ్మాయి.

మర్నాడు బడి మూసేవేళకు దర్జీ రొప్పుతూ వచ్చాడు. వెనకాల బార్బరు, బేకరీ ఆయన, టాక్సీ డ్రైవరు.

"వీళ్ళకీ పోర్చుగీసే కావాలిటమ్మా."

"అంత ఇష్టమా?"

"ప్రాణం," అన్నాడు బార్బరు. టాక్సీ డ్రైవరు దర్జీ చెవి దగ్గర చేరి, "ఏ భాషన్నావూ?" అని గొణిగాడు.

అమ్మాయికి నవ్వాగలేదు. "నిజం చెప్పండి బాబాయిగారూ, ఏం ఆశపెట్టి లాక్కొచ్చారు?"

"తలో చొక్కా కుట్టిస్తానన్నాను. ఎనిమిది మందీ అయ్యారు కదమ్మా? ఇంక ఎత్తెయ్యరు కదా?"

ఆయన ఆత్రం చూస్తే ఆమెకు గుండె తరుక్కుపోయింది. నాలుగు ఫారాల మీదా టపటపా ముద్ర కొట్టేసింది.

సోమవారం పోర్చుగీసు టీచరు లిస్టు చూసుకుంటూ క్లాసులోకి వచ్చింది. మహా కచ్చితమైన మనిషి. లిస్టు చివరికొచ్చేసరికి ఎందుకో ఆగిపోయింది. గుమ్మంలో నిలబడ్డ కౌంటరు అమ్మాయి వైపు ఓసారి చూసి, పాఠం మొదలుపెట్టింది. వరసగా ఒక్కొక్కరినీ లేపి పోర్చుగీసులో పేరడుగుతోంది. బేకరీ ఆయనకు ముచ్చెమటలు పోశాయి. బార్బరు తన పేరే తడబడుతూ చెప్పాడు.

ఆఖరి బెంచీలో దర్జీ లేచి నిలబడ్డాడు. టీచరు ఎంతకీ నోరు విప్పలేదు. రూలు సంగతి గుర్తుచేద్దామా అని అమ్మాయి అనుకుంటూండగానే, అందరినీ అడిగిన ప్రశ్నే ఆయన్నీ అడిగింది. "మీ పేరేమిటి?"

దర్జీ కళ్ళు ధారలు కట్టాయి. టీచరు గబుక్కున బోర్డు వైపు తిరిగిపోయింది.

అమ్మాయి కంగారుగా లోపలికి పరిగెత్తింది. "అయ్యో, ఏమైంది బాబాయిగారూ? పేరడిగితే ఎవరైనా ఏడుస్తారా?"

"మా అమ్మాయి నాతో మాట్లాడి నాలుగేళ్ళయిందమ్మా."