ఎర్రబడవే తల్లీ!

"టీ అదిరింది మేడమ్! చిక్కగా, కమ్మగా!" ఖాళీ కప్పు బల్లమీద పెట్టి మీసాలు తుడుచుకున్నాడు దాణామందు ఫ్యాక్టరీ ఓనరు.

కోళ్లదాణాలో కలిపే ఆయన యాంటీబయాటిక్ పొడికి ఆ రోజే పరీక్ష. లేబుల్ మీద రాసినంత మందు లోపల లేకపోతే ఫ్యాక్టరీకి తాళమే. కంపెనీ పేరు కంటపడితే మనసు అటో ఇటో మొగ్గుతుందని, ఆ ల్యాబులో శాంపిళ్లన్నీ పేరులేని డబ్బాల్లోకి మార్చి అలమరలో పెడతారు.

"నా సరుక్కి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు మేడమ్," అన్నాడు ఓనరు. "అంతెందుకు, ఆ మందు నాకే పడదు. ఒకసారి చిటికెడు నోట్లో పడితే బతికి బట్టకట్టేసరికి తలప్రాణం తోకకొచ్చింది!"

మధ్యాహ్నం చూద్దాంలే అన్న ల్యాబ్ మేడమ్ చటుక్కున లేచింది. అలమరలోకి తొంగిచూసింది.

"ఇప్పుడే చేసేద్దాం," అంది. అటెండరు బాబాయి చెవిలో ఏదో ఊదింది. ఆయన మోకాళ్ల నొప్పులు మర్చిపోయి పరిగెత్తి, ఎదురు ఆస్పత్రిలోని డాక్టర్ని సంచీతో సహా లాక్కొచ్చాడు.

"దీనికి సాక్షి కూడానా?" ఓనరు నొచ్చుకున్నాడు. "నామీద ఇంత పగేంటి మేడమ్?"

గాజు గొట్టంలో పొడి వేసి, పైన రసాయనం చుక్కలు పోసింది మేడమ్. మందుంటే ఎర్రబడాలి.

"ఎర్రబడవే తల్లీ!" దండం పెట్టాడు ఓనరు.

"వద్దే తల్లీ, వద్దు!" అంతకన్నా గట్టిగా మొక్కింది మేడమ్.

డాక్టరు మాత్రం గొట్టం వంక చూడలేదు. ఓనరు మొహమే చూస్తూ కూర్చున్నాడు.

రంగు మారలేదు. ఇంకో గొట్టంలో వేసింది. ఊహూఁ, అదీ తెల్లగానే ఉంది.

"లేదు! బొత్తిగా లేదు! అంతా ఉత్త పిండే!" మేడమ్ చిన్నపిల్లలా గంతులేసింది. బాబాయి ఈల వేశాడు. డాక్టరు పకపకా నవ్వి సంచీ మూసేశాడు.

ఓనరు లబోదిబోమన్నాడు. "నా కొంప ముంచి గంతులేస్తారా? మీరసలు మనుషులేనా?"

"కొంప పోతే పోయింది, మీరు నూరేళ్లు చల్లగా ఉండండి!" మేడమ్ కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. "ఇంత దొంగ సరుకు తయారు చేసినందుకు మీకు చేతులెత్తి మొక్కాలండీ!"

ఇందాక పాలపొడి అనుకుని ఆవిడ ఆయన టీలో దండిగా కలిపింది ఆ శాంపిల్ డబ్బాలోని పొడినే.