మోటారు దగ్గినప్పుడు

"కప్పు ఎడమవైపు ఎందుకు పెట్టావమ్మా?" అంది అత్తగారు ఒడీలియా.

"కుడివైపు రొట్టెల పళ్లెం ఉంది కదా అత్తమ్మా."

"పళ్లెం జరపలేవూ? క్రిస్మస్‌కి తప్ప తియ్యని బల్లగుడ్డ. చూడు ఎలా పాకిందో."

వెర్లీన్ తడిగుడ్డతో కాఫీ మరక అద్దింది. చెయ్యి తగిలించి ఒలకబోసింది ఆమె కాదు, అతిథి.

అతని పేరు మేబ్రీ. లారీల్లో లైట్లు వేసుకుని, కాన్సాస్‌లో ఊరూరా తిరుగుతూ రాత్రిపూట బేస్‌బాల్ ఆడే జట్టులో పిచర్, బంతి విసిరేవాడు. ఊళ్లో హోటలు నల్లవాళ్లకి గది ఇవ్వదు. ఏ జట్టు వచ్చినా ఇక్కడి నల్లవాళ్లు ఇంటికొకరిని పంచుకోవడమే.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు మేబ్రీ.

"పక్కనున్న కప్పే కనబడనివాడివి, అంత దూరం బంతి ఎలా విసురుతావయ్యా?" అంది ఒడీలియా.

హోసియా పగలబడి నవ్వాడు. వెర్లీన్ భర్త అతను. రైలు షెడ్డులో ఫిట్టరు, ఊరి జట్టుకి కెప్టెను. ఇంకాసేపట్లో ఈ మేబ్రీ బంతులకే బ్యాటు పట్టుకుని నిలబడాలి.

వెర్లీన్‌కి నవ్వు రాలేదు.

"ఏదో ఊళ్లో ఈ లైట్ల కింద ఒకతనికి బంతి తగిలి కన్ను పోయిందట. చర్చిలో చెప్పుకుంటున్నారు."

"ఏదో ఊళ్లో. ఎవరికో," అన్నాడు హోసియా. "చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు."

"నిజమేనా అన్నా?" అని మేబ్రీని అడిగింది.

మేబ్రీ రొట్టె తుంచడం ఆపాడు. తల పూర్తిగా తిప్పి ఆమెకేసి చూశాడు.

"మీ ఆయనకి చీకట్లో చూపు ఎలా ఉంటుంది చెల్లెమ్మా?"

"భయపెట్టి గెలుద్దామనా?" అన్నాడు హోసియా.

మేబ్రీ మళ్లీ రొట్టె తుంచుకున్నాడు.

చీకటి పడేసరికి మైదానం చుట్టూ స్తంభాలు లేచాయి. లైట్ల మోటారు గర్రుమంది. లైట్లు వెలిగాయి.

ఆ వెలుగులో మనుషుల మొహాలు జబ్బుపడి లేచినట్టున్నాయి. స్తంభాలు దాటి పైకి లేచిన బంతి మాయమైపోతోంది. ఎక్కడ పడుతుందో తెలియక ఆటగాళ్లు చేతులతో తలలు కప్పుకుంటున్నారు.

హోసియా బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు. వెర్లీన్ చూడలేక కళ్లు మూసుకుంది.

మోటారు దగ్గింది. మూసిన రెప్పల మీద వెలుగు సన్నగిల్లింది.

ఉలిక్కిపడి కళ్లు తెరిచింది.

బంతి హోసియాకి రెండు బారల దూరంగా దూసుకుపోయి వెనక చెక్కలకి ఠప్పున తగిలింది. ఆ చప్పుడు విన్నాకే హోసియా తల తిప్పాడు.

రావడం అతనికి కనబడనే లేదు.

అదే బంతి తిన్నగా వచ్చి ఉంటే?

మోటారు మళ్లీ దగ్గింది. మళ్లీ దూరపు బంతి. నాలుగూ అలాగే పోయేసరికి, ఆట నియమం ప్రకారం హోసియా కొట్టకుండానే మొదటి బేస్‌కి నడిచాడు.

"తాతా, కళ్లజోడు ఇంట్లో మరిచిపోయావా?" అని జనంలోంచి ఎవరో మేబ్రీని ఎగతాళి చేశారు.

"పడుకోబెట్టండర్రా ఆయన్ని."

తర్వాత వచ్చినవాళ్లకీ అదే వరస. చివరికి మేబ్రీ జట్టు మేనేజరు మైదానంలోకొచ్చి మేబ్రీ చేతిలో బంతి లాగేసుకున్నాడు. ఊరి జట్టు గెలిచింది.

మర్నాడు మధ్యాహ్నం మేబ్రీ కుర్చీ ముందు కూడా పళ్లెం, కప్పు పెట్టారు. రాత్రి జట్టువాళ్లతో ఉండిపోయాడనుకున్నారు. ఇప్పుడూ అతను రాలేదు.

"ఇవాళ రాత్రి ఆటకి కుర్ర పిచరట," అన్నాడు హోసియా, మాంసం కోస్తూ. "బంతి మెరుపులా వస్తుందట. నా దెబ్బ చూపిస్తాను."

వెర్లీన్ గరిటె అందుకుని అత్తగారికి వడ్డించింది.

తలుపు తట్టి టోలివర్ లోపలికొచ్చాడు. ఆ జట్టులో మోటారు నడిపేది అతనే.

"మేబ్రీ సంచి పట్టుకెళ్దామని వచ్చానమ్మా. రాత్రే రైలెక్కించేశారు. గురి లేనివాడు మాకెందుకన్నాడు మేనేజరు."

"నా బల్లగుడ్డ బతికింది," అంది ఒడీలియా. "ఎడమపక్కనున్న కప్పు కూడా చూసుకోడు."

టోలివర్ మరకకేసి చూశాడు.

"ఎడమవైపు పెట్టారా?"

"పెడితే?"

"ఆ పక్క ఆయనకి కనబడదమ్మా. మే నెల నుంచి. బంతి తగిలిన గాయం మానింది గాని చూపు రాలేదు. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు." కాస్త ఆగి అన్నాడు. "ఆ రోజు కూడా మోటారు నడిపింది నేనే."

వెర్లీన్ గరిటె కింద పెట్టింది.

"బంతి దూరంగా పోయిన ప్రతిసారీ ముందు మోటారు దగ్గింది. నేను విన్నాను."

"ఆయనా వింటాడు. విన్నాకే, ఎవరికీ తగలకుండా అలా వేస్తాడు."

హోసియా తన పళ్లెం పక్కకి నెట్టాడు.

"ఇవాళ రాత్రి నేను ఆడను. మావాళ్లెవర్నీ ఆడనివ్వను."

"జనానికి ఏం చెబుతావురా?" అంది ఒడీలియా.

"ఏదో ఊళ్లో, ఎవరికో అన్నాను కదమ్మా," అన్నాడు హోసియా, ఖాళీ కుర్చీ ముందున్న కప్పుని కుడివైపుకి జరుపుతూ, "అతనికి నిన్న మనింట్లోనే కాఫీ పోశామని చెబుతాను."