బోర్డు మెచ్చిన చిక్కీ

గుమ్మిడివలస బడిలో పాఠాలన్నీ గోడ మీది డిజిటల్ బోర్డే చెబుతుంది. సంప్రదాయమూ ఉండాలి కనుక కనకం టీచర్ని ఉంచారు. బోర్డు చెప్పినప్పుడు పిల్లల భుజం తట్టడం ఆమె ఉద్యోగం.

ఆ రోజు భిన్నాల పాఠం.

"గౌరికి అర్థమైంది. భుజం తట్టండి," అంది బోర్డు.

"నాకేటీ అర్థం కాలేదు టీచర్," అంటూ గౌరి ఏడ్చేసింది.

కనకం ఉండబట్టలేక తన సంచిలోని చిక్కీని నాలుగు సమాన ముక్కలు చేసి, ఒకటి గౌరి చేతిలో పెట్టింది. "ఇదెంతే?"

"నాలుగో వంతు!" గౌరి ముఖం వెలిగింది.

అనుమతి లేని బోధన అంటూ బోర్డు పైవాళ్లకు ఫిర్యాదు చేసింది. ఉద్యోగం పోయిందనుకుంది కనకం. పోలేదు. అధికారులు ఆ పద్ధతిని తెగ మెచ్చుకుని అన్ని బోర్డుల్లోకీ ఎక్కించారు. ఇప్పుడు తెర మీద చిక్కీ విరిగినప్పుడల్లా "ఫట్" అనడం కూడా కనకం ఉద్యోగమే.

"ముక్కేది టీచర్?" గౌరి చెయ్యి చాపింది.

"గౌరికి ముక్క అందింది," అంది బోర్డు.