ఐస్‌క్రీం కొట్టు ఆవు

డ్వేన్ ప్రూయిట్ ససేమిరా అన్నాడు.

"తప్పు చేశాను, శిక్ష అనుభవించాను. ఇప్పుడు దాన్ని రికార్డులోంచి చెరిపేసుకుని పెద్దమనిషిలా తిరగడం నాకు నచ్చదు."

ఎదురుగా అతని భార్య లవర్న్ రెండు మోకాళ్ల మీదా ఐసు మూటలు పెట్టుకుని కూర్చుంది. వాషింగ్ మెషిన్ నేలమాళిగలో ఉంది. పడకగది మేడ మీద ఉంది. ఆమెకు మెట్లు బొత్తిగా పడటం లేదు. నది ఒడ్డున వయసు మళ్లినవాళ్ల కోసం కట్టిన ఇళ్లలో ఒకటి ఖాళీ అయింది. ఒక్క మెట్టు కూడా లేని ఇల్లు. కానీ పెద్ద నేరంలో శిక్ష పడినవాళ్లకు అక్కడ చోటివ్వరు.

"నీ నిజాయితీని నా మోకాళ్లు మోస్తున్నాయి ముసలాడా" అంది లవర్న్.

బట్టల బుట్ట ఇక తనే మోస్తానన్నాడు డ్వేన్. మరి నన్నో, అని అడిగింది. నిన్నూ మోస్తానన్నాడు. ఆ సాయంత్రమే ఎత్తుకుని ఎక్కబోయాడు. సగం మెట్ల మీద నడుం పట్టేసింది. కూతురొచ్చి ఒక్కొక్కరినీ దింపేదాకా ఇద్దరూ ఆ మెట్టు మీదే కూర్చుని, కింద మోగుతున్న టీవీ వింటూ గడిపారు.

అతని నేరం ఊరందరికీ తెలుసు. ముప్పై ఏళ్ల కిందట, ఒక వేసవి రాత్రి, మెర్ల్ ఐస్‌క్రీం కొట్టు కప్పు మీద ఉండాల్సిన ఫైబర్ ఆవు బొమ్మ మాయమైంది. అది ఏనుగంత ఆవు. ఖరీదు ఎక్కువ కావడంతో అల్లరి దొంగతనం కాస్తా పెద్ద నేరమై కూర్చుంది. డ్వేన్ బండిలాంటి బండి ఒకటి అటు తిరిగిందని ఎవరో చెప్పారు. పొద్దున్నే పోలీసు అధికారి షెరిఫ్ ఇంటికొచ్చాడు. లవర్న్ అట్లు వేస్తోంది. షెరిఫ్ ఇంకా కుర్చీలో కూర్చోకముందే, ఆవును నేనే ఎత్తుకెళ్లానని డ్వేన్ ఒప్పేసుకున్నాడు.

ఎక్కడ పెట్టావంటే ఓహైయో నదిలో పడేశానన్నాడు. గజ ఈతగాళ్లు దిగి వెతికారు. పాత ఫ్రిజ్ ఒకటి దొరికింది కానీ ఆవు దొరకలేదు. ఎందుకు ఎత్తుకెళ్లావంటే ఆలోచించి, ఆవంటే ఇష్టమన్నాడు. మరి నదిలో ఎందుకు పడేశావంటే, అప్పటికి ఇష్టం పోయిందన్నాడు. కోర్టుతో పరాచికాలాడుతున్నాడని జడ్జి శిక్ష ఇంకాస్త పెంచాడు.

లవర్న్ ప్రతి ఆదివారం జైలుకెళ్లి చూసొచ్చేది. దొంగైతే అయ్యాడు కానీ అబద్ధమాడే మొగుడు కాదని చర్చిలో అందరికీ చెప్పుకునేది.

ఇప్పుడూ ఆమె ఊరుకోలేదు. లైబ్రరీలో ఉచితంగా సలహాలిచ్చే టెస్సా అనే కుర్ర లాయరు దగ్గరికి అతన్ని లాక్కెళ్లింది. టెస్సా సంబరపడిపోయింది. ఇంత తేలిక కేసు తన దగ్గరికి రాలేదంది. రికార్డు తుడిచేశాక, చట్టం దృష్టిలో ఆ నేరం అసలు జరగనట్టేనని వివరించింది.

డ్వేన్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"శిక్ష తుడిచేసి, నేరం మాత్రం అలాగే ఉంచడానికి వీలవుతుందా అమ్మా?"

వీలు కాదంది టెస్సా. ఇలాంటి కోరిక తను ఏ పుస్తకంలోనూ చదవలేదంది.

"సంతకం పెట్టు. లేదంటే ఇవాళ్టి నుంచి నువ్వు నేలమాళిగలో పడుకో" అంది లవర్న్.

పెట్టాడు.

విచారణ రోజు కోర్టు గది నిండిపోయింది. ఆవు సొంతదారు మెర్ల్ చేతికర్ర పట్టుకుని వచ్చాడు. కొత్త ఆవుకు కనురెప్పలున్నాయని, జనం ఆగి ఫొటోలు దిగుతున్నారని, పాత ఆవు పోవడమే తనకు కలిసొచ్చిందని చెప్పాడు. ప్రభుత్వ లాయరు కూడా అభ్యంతరం లేదన్నాడు. మీరేమైనా చెప్పుకుంటారా అని జడ్జి హార్గ్రోవ్ డ్వేన్‌ను అడిగాడు.

డ్వేన్ లేచాడు.

"నేను మారలేదండీ. ఏ కప్పు మీద ఏ జంతువు బొమ్మ కనిపించినా ఇప్పటికీ చేతులు దురద పెడుతుంటాయి. దయచేసి తుడవకండి."

టెస్సా తల పట్టుకుంది. ఆయన మాట నమ్మొద్దని ప్రభుత్వ లాయరు లేచాడు. పోయిన గాలివానకు చర్చి కప్పు లేచిపోతే పైసా తీసుకోకుండా వేసిపెట్టింది ఈయనే అన్నాడు. వెనక బెంచీల్లోంచి అవునవునన్నారు. కాదు, నేను చెడ్డవాణ్ని అని డ్వేన్ గొంతు పెంచాడు. గొంతు పెంచిన కొద్దీ జనం కళ్లు తుడుచుకున్నారు.

జడ్జి కళ్లజోడు తీశాడు.

"తన తప్పును ఇంత గట్టిగా పట్టుకుని వేలాడే మనిషిని నేనెక్కడా చూడలేదు. ఇలాంటివాడికి తుడవకపోతే ఇంకెవరికి తుడుస్తాం? ప్రూయిట్ గారూ, చట్టం చెబుతోంది, వినండి. ఆ రాత్రి మీరు ఆవును దొంగిలించలేదు."

చప్పట్లు మోగాయి. టెస్సా లవర్న్‌ను కావలించుకుంది. డ్వేన్ కుర్చీలో కూలబడ్డాడు. పాపం ఆనందం తట్టుకోలేకపోతున్నాడని అందరూ అనుకున్నారు.

తిరుగుదారిలో కారు లవర్న్ నడిపింది. కొత్త ఇంటికి ఏ రంగు కర్టెన్లు వేయాలో చెబుతూ, ఎర్రలైటు దగ్గర ఆగింది. ఏదో గుర్తొచ్చినట్టు నవ్వుతూ అతని తొడ మీద చరిచింది.

"మొత్తానికి ఆవును నువ్వు ఎత్తుకెళ్లలేదన్నమాట. అయితే చెప్పు మహానుభావా, ఆ రాత్రంతా ఎక్కడున్నావు?"

ముప్పై ఏళ్ల కిందట షెరిఫ్ సరిగ్గా ఈ ప్రశ్నే అడగబోతే, పక్కన లవర్న్ ఉండబట్టి, డ్వేన్ తను ముట్టనైనా ముట్టని ఆవును దొంగిలించానని ఒప్పుకుని జైలుకెళ్లాడు.