ఉప్పు కషాయం

జీపు ముందు సీటు కోసం మొదటి రోజే తగాదా మొదలైంది.

పెద్దావిడ తల పట్టుకుంది. ఎండిపోతున్న ఆ సరస్సు సంగతేమిటో తేల్చడానికి ముగ్గురు శాస్త్రవేత్తలను వెంటబెట్టుకుని వచ్చిందావిడ. ఒకాయన రాళ్ళు చూస్తాడు, ఒకామె నీళ్ళు చూస్తుంది, ఇంకొకాయన మొక్కలు చూస్తాడు. చదువులో ముగ్గురూ ఉద్దండులే. రాళ్ళాయన ఎడ్డెమంటే నీళ్ళావిడ తెడ్డెమంటుంది. మొక్కలాయన ఇద్దరితోనూ మాట్లాడడు.

కిందటేడు తెచ్చిన బృందమూ ఇలాంటిదే. అప్పుడు భోజనం మాత్రం అమృతం. కడుపారా తిని, ఆ ఓపికతో కొట్టుకుని, పని సగంలో ఉండగానే ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. ఈసారీ అదే జరిగితే సరస్సు పని మూలన పడుతుందని పైవాళ్ళు మొహం మీదే చెప్పారు. ఆవిడ ఇన్నేళ్ళ శ్రమా దానితోపాటే పోతుంది.

మర్నాడు పొద్దున్నే నీళ్ళావిడ సంచి సర్దేసింది.

“ఉత్త కడుపుతో వెళ్ళకమ్మా. ఒక్క ముద్ద తిని వెళ్ళు,” అని పెద్దావిడ వంటగదిలోకి పరుగెత్తింది.

వంటాయన వడ్డించాడు. కూర ఉప్పు కషాయం. అన్నం పైన పలుకు, అడుగున మాడు. రాళ్ళాయన ఒక ముద్ద ఎలాగో మింగి, నీళ్ళావిడ వంక దీనంగా చూశాడు.

“రాళ్ళే ఇంతకంటే మెత్తగా ఉంటాయండీ.”

“ఈ సరస్సులో కూడా ఇంత ఉప్పు లేదు,” అందామె.

మొక్కలాయన మొదటిసారి నోరు విప్పాడు. “ఇది ఏ కూరగాయో చెప్పడం నా వల్ల కూడా కాదు.”

ముగ్గురూ పగలబడి నవ్వారు. నీళ్ళావిడ సంచి మళ్ళీ మంచం కిందకి చేరింది.

ఇక అక్కడి నుంచి వాళ్ళది ఒకే మాట, ఒకే బాట. మొక్కలాయన దాచుకున్న బిస్కెట్లు అందరివీ అయ్యాయి. త్వరగా పని ముగించుకుంటే ఊళ్ళో హోటలు మూసేలోగా చేరుకోవచ్చని రాళ్ళాయన కనిపెట్టాడు. అతను సరస్సు అడుగు తవ్వితే మొక్కలాయన మట్టి సంచుల్లోకి ఎత్తేవాడు, నీళ్ళావిడ మూతులు కట్టేది. ఎవరి పని ఎవరు చేస్తున్నారో వాళ్ళకే తెలిసేది కాదు.

ఒకరోజు ముగ్గురూ కలిసి వచ్చారు.

“ఈ వంటమనిషిని మార్చండి మేడమ్. ఎక్కడ దొరికాడు మీకు?”

“మా నాన్నగారు కుదిర్చిన మనిషి,” అని నసిగింది పెద్దావిడ. “ఇప్పుడు మార్చడం కుదరదు.”

“ఇతనికి జీతం కూడానా?”

“జీతమేం లేదు.”

“అయినా దండగే!”

వంటగది గుమ్మంలో నిలబడి వంటాయన అంతా విన్నాడు. ఆయన మొహం కందగడ్డలా అయింది. పెద్దావిడ మనసు చివుక్కుమంది. ఆ పూట ఆయన కళ్ళలోకి చూడలేకపోయింది.

పని గడువుకు ముందే పూర్తయింది. చివరి రోజు వీడ్కోళ్ళు చూడాలి! నీళ్ళావిడ వెక్కి వెక్కి ఏడ్చింది. “ఊరుకో చెల్లెమ్మా,” అంటూ రాళ్ళాయనా ముక్కు చీదాడు. మొక్కలాయన ఏకంగా ఉపన్యాసమే ఇచ్చాడు.

“మనమంతా ఒక కుటుంబం. మనల్ని కలిపింది మేడమ్ గారి నాయకత్వం!”

అందరూ చప్పట్లు కొట్టారు. వంటాయనకు మాత్రం వెళ్ళొస్తామని ఎవరూ చెప్పలేదు. జీపు ముందు సీటు కోసం మళ్ళీ పెద్ద గొడవే జరిగింది, నువ్వు కూర్చో అంటే నువ్వు కూర్చో అని. కదిలాక రాళ్ళాయన తల బయటపెట్టి అరిచాడు.

“నీకూ నీ గరిటెకూ ఓ దండం బాబూ! ఇంకెవరికీ వండకు!”

జీపు మలుపు తిరిగింది. పెద్దావిడ వంటగదిలోకి నడిచింది. వంటాయన ఇటు తిరక్కుండా మాడిన గిన్నె తోముతున్నాడు. ఆవిడ పీట లాక్కుని పక్కనే కూర్చుని, ఆయన చేతిలోంచి గిన్నె తీసుకుంది.

“ఏమండీ, వాళ్ళు ఒకటైపోయారుగా, ఇక చాలు... రేపు ఇంటికెళ్ళాక మాత్రం కిందటేడు ఇక్కడ వండారు చూడండీ, అలా వండిపెట్టండి.”